ఎండ చెయ్యాల్సిన పని

కప్పు చూడ్డానికి వచ్చినాయన చేతి తొడుగు తీసేసి, చూపుడు వేలు షింగిల్ అంచు కిందికి పోనిచ్చాడు. అరిటాకు ఎత్తినంత తేలిగ్గా అది పైకి లేచింది. నిచ్చెన మీద చూరు పట్టుకుని నిలబడి నేనూ తొంగిచూశాను. షింగిల్ కింద అడ్డంగా ఒక తారు జిగురు చార ఉంది. నల్లగా నిగనిగలాడాల్సిన చార మీద సన్నటి బూడిదరంగు దుమ్ము పట్టి ఉంది. ఆయన వేలితో రాస్తే దుమ్ము వేలికి అంటింది, జిగురు అంటలేదు. "ఇది ఒక్క రోజు కూడా అతుక్కోలేదు," అన్నాడు.

అది మిషిగన్‌లో ఫిబ్రవరి నెల. అంతకు ముందు వారం వీచిన ఈదురుగాలికి మా ఇంటి కప్పు మీంచి పాతిక దాకా షింగిల్స్ లేచిపోయి పెరట్లో మంచు మీద పడ్డాయి. అన్నీ ఉత్తరపు వాలువే. దక్షిణపు వాలులో ఒక్కటి కూడా కదల్లేదు. ఇల్లు ఒకటే, సరుకు ఒకటే, మేకులూ అవే. డిసెంబరులో రెండు రోజుల్లో కప్పు వేసి వెళ్ళిన మనుషులూ వాళ్ళే. పని చక్కగానే చేశారనుకున్నాం. చేయకుండా వదిలేసింది ఒకటుందని ఈయన వచ్చి వేలు పెట్టి చూపించేదాకా మాకు తెలియదు.

అమ్మ అక్టోబరు నుంచీ మా దగ్గరే ఉంది. డిసెంబరులో కప్పు వేస్తున్నప్పుడు కిటికీలోంచి చూసి, "ఇదేవిట్రా, ఇంటి మీద అట్టముక్కలు పెట్టి మేకులు కొడుతున్నారు?" అంది.

"అట్టలు కాదమ్మా, షింగిల్స్. తారు, రాతి పలుకులు కలిపి చేస్తారు."

"మరి గాలికి లేచిపోవూ? మన పెంకులైతే బరువుకే కూర్చునేవి."

నా దగ్గర జవాబు లేదు. తెనాలి దగ్గర మా పాత ఇంటి మీది బంగళా పెంకు ఒక్కోటి రెండు కిలోలకు పైగా తూగేది. వాసాల మీద, రీపర్ల మీద ఒకదానికొకటి తగిలించి పేర్చేవాళ్ళు. ఏటా వానలకి ముందు ఎవరో ఒకరు ఎక్కి జరిగినవి సర్ది, పగిలినవి మార్చేవారు. జిగురు మాటే లేదు. ఇక్కడి కప్పు అలా కాదు. చేత్తో వంచితే వంగే పలచటి పలకలు, పై భాగంలో నాలుగు మేకులు, కింది అంచు మాత్రం ఖాళీ. ఆ కింది అంచుని గాలికి లేవకుండా పట్టుకునేదేమిటి అన్నదే అమ్మ అడిగింది. ఈ వస్తువుని తయారుచేసినవాళ్ళు యాభై ఏళ్ళకు పైగా కుస్తీ పట్టింది కూడా ఆ ప్రశ్నతోనే. వాళ్ళకు దొరికిన జవాబు చలికాలంలో ఎందుకు పనిచేయదో మా ఉత్తరపు వాలు చూపించింది. ఆ తర్వాత వారాల తరబడి నేను దీని గురించే చదివాను.

మేముండే ల్యాన్సింగ్ నుంచి గంట ప్రయాణంలో గ్రాండ్ ర్యాపిడ్స్ ఉంది. కర్ర సామాన్లకు అమెరికా అంతటా పేరున్న ఊరు. తారు షింగిల్ పుట్టింది అక్కడే. దాని వెనక మరో ఊరి పని ఉంది కాబట్టి ముందు అది చెప్పాలి.

పెట్రోలియాన్ని శుద్ధి చేశాక అడుగున మిగిలే మడ్డిని మనం తారు అనే అంటాం. ఆ మడ్డిని ఉన్నదున్నట్టు గుడ్డకు పూసి ఇంటి మీద పరిస్తే వేసవిలో కారుతుంది, శీతాకాలంలో గాజులా పగులుతుంది. 1894లో ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ బయర్లీ ఆ మడ్డిని బాగా కాచి, అందులోకి గాలి ఊదే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. వేడి మీద గాలి తగిలేసరికి తారు లోపలి అణువులు మారి, మెత్తబడే ఉష్ణోగ్రత బాగా పెరుగుతుంది. ఈ రోజుకీ షింగిల్ పైపూతకి వాడే తారు ఇలా గాలి ఊదినదే. అది మెత్తబడాలంటే దాదాపు 90 డిగ్రీల సెల్సియస్ దాటాలి. ఎంత ఎండలోనైనా ఇంటి కప్పు అంత వేడెక్కదు. దీంతో వేసవి బాధ తీరింది. చలి బాధ మాత్రం అలాగే ఉండిపోయింది, ఒక రకంగా పెరిగింది కూడా. ఎండకు కారకుండా గట్టిపరిచిన తారు, చలికి ఇంకా గట్టిపడుతుంది కదా.

తారు స్వభావం తెలియాలంటే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఉన్న గరాటు గురించి చెప్పుకోవాలి. 1927లో థామస్ పార్నెల్ అనే ఆచార్యుడు తారుకి దగ్గరి చుట్టమైన పిచ్‌ని కరిగించి అందులో పోశాడు. మూడేళ్ళు కుదురుకోనిచ్చి 1930లో గరాటు కింది కొన కోశాడు. సుత్తితో కొడితే పెంకుల్లా చిట్లిపోయే ఆ పదార్థం అప్పట్నుంచీ చుక్కచుక్కగా కారుతూనే ఉంది. 2014 నాటికి పడినవి తొమ్మిది చుక్కలు. నిదానంగా వంచితే ద్రవం, చటుక్కున కొడితే రాయి. చలి పెరిగేకొద్దీ రాయి గుణమే ఎక్కువవుతుంది. డిసెంబరు పొద్దున్నే షింగిల్స్ కట్టని ధబీమని కప్పు మీద పడేస్తే లోపలి షింగిల్స్ అంచులు ఎందుకు విరుగుతాయో ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

1893 నాటికే ఫెల్ట్‌కి తారు పట్టించి చుట్టలుగా అమ్మేవారు. ఫెల్ట్ అంటే ఎక్కువగా పాత నూలు గుడ్డలు నానబెట్టి, నలగ్గొట్టి చేసిన మందపాటి కాగితం లాంటిది. 1897లో దాని మీద పలక రాయి పలుకులు అద్దారు. తారుని త్వరగా చంపేది నీళ్ళకన్నా ఎండలోని అతినీలలోహిత కిరణాలే కాబట్టి ఆ పలుకులు దానికి గొడుగు పట్టినట్టయింది. 1903లో గ్రాండ్ ర్యాపిడ్స్‌కి చెందిన కప్పుల కాంట్రాక్టరు హెన్రీ రేనాల్డ్స్ ఆ చుట్టని ముక్కలుగా కోశాడు. చెప్పుకోవడానికి అంతే. అప్పటిదాకా అమెరికాలో సామాన్యుల ఇళ్ళ మీద దేవదారు కర్ర చెక్కలు పెంకుల్లా పేర్చేవారు. రేనాల్డ్స్ ముక్కలు ఆ చెక్కల్లాగే ఒకదాని మీద ఒకటి ఎక్కేలా అమరాయి. చుట్ట పరిచిన కప్పు గోదాములా కనిపించేది, ముక్కలు పేర్చిన కప్పు ఇల్లులా కనిపించింది. 1911 నాటికి అమెరికాలో చాలా చోట్ల ఇవి మామూలైపోయాయి.

వీటిని ఊరూరా వ్యాపింపజేసింది మాత్రం అందం కాదు, నిప్పు. 1908లో మసాచుసెట్స్‌లోని చెల్సీ తగలబడింది. 1923 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో కొండ గాలికి ఎగిరిన నిప్పురవ్వలు కర్ర చెక్కల కప్పుల మీద పడి, ఒక్క మధ్యాహ్నంలో ఆరువందలకు చేరువగా ఇళ్ళు బూడిదయ్యాయి. అగ్ని బీమా సంస్థల జాతీయ బోర్డు కర్ర కప్పులు వద్దని ఊరూరా ప్రచారం చేసింది. రాతి పలుకులు అద్దిన తారు షింగిల్ మీద రవ్వ పడినా అంత తేలిగ్గా అంటుకోదు. 1939 నాటికి ఏడాదికి 1 కోటి 10 లక్షల స్క్వేర్ల షింగిల్స్ తయారయ్యేవి. స్క్వేర్ అంటే ఇక్కడి కప్పు పనివాళ్ళ లెక్కలో 100 చదరపు అడుగులు.

ఈలోగా గుడ్డల ధర పెరిగింది. 1920ల్లో కర్ర గుజ్జు, జనపనార, ఉన్ని కలిపి ఫెల్ట్ చేయడం మొదలుపెట్టారు. 1926లో 22 రకాల ఫెల్ట్‌లను పరీక్షించి, మన్నికలో పెద్ద తేడా లేదని తేల్చారు.

ఇక గాలి సంగతి. తొలినాటి షింగిల్స్‌కి కింది అంచు ఖాళీగానే ఉండేది. మైదానాల్లో, కొండ వాలుల్లో గాలి దాన్ని పైకి మడిచి, మేకు దగ్గర చింపి తీసుకుపోయేది. కొలరాడో లాంటి చోట్ల, కెనడా మైదానాల్లో దీనికి ఒక చక్కటి విరుగుడు వాడేవారు. టీ-లాక్ అనే షింగిల్‌ని టీ ఆకారంలో కోసి, పక్కవాటి కోతల్లోకి నాలుకలా దూర్చి బిగించేవాళ్ళు. దానికి జిగురూ అక్కర్లేదు, ఎండా అక్కర్లేదు. ఎంత చలిలో వేసినా వేసిన రోజే పూర్తయినట్టు. 2000ల్లో దాని తయారీ ఆగిపోయింది. నాకైతే అది పెద్ద నష్టమనే అనిపిస్తుంది.

మిగతా దేశమంతా పట్టుకున్న దారి 1950ల్లో వచ్చింది. ప్రతి షింగిల్‌కీ అడ్డంగా ఒక జిగురు తారు చార పూశారు. పై వరస షింగిల్ దాని మీద పడుకుంటుంది. ఎండకి కప్పు వేడెక్కితే జిగురు కరిగి, రెండూ అతుక్కుంటాయి. పనివాడు మేకులు కొట్టి దిగిపోతాడు, మిగతాది ఎండే చేస్తుంది. 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర 16 గంటలు ఉంటే పూర్తిగా అతుక్కోవాలన్నది అప్పటి కొలమానం. జూన్‌లో నల్లటి కప్పు అంత వేడెక్కడం పెద్ద విషయం కాదు. నాలుగైదు మధ్యాహ్నాలు చాలు.

ఆ జిగురు ఎంత పని చేస్తుందో తర్వాతి వాళ్ళ పరిశోధనల్లో తేలింది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో జాన్ పీటర్కా, జాక్ సెర్మాక్, మరికొందరు షింగిల్స్ మీద గాలి ఒత్తిడిని కొలిచి 1997లో ప్రచురించారు. ఇంటి కప్పంతటినీ పైకి లాగే గాలి పీల్పు విడి షింగిల్‌కి అంతగా తగలదని వాళ్ళు చూపించారు. సందుల్లోంచి గాలి దూరి షింగిల్ కిందా పైనా ఒత్తిడి చాలావరకు సమం అవుతుంది. దాన్ని లేపేది కప్పుని రాసుకుంటూ పోయే గాలి. ఆ గాలి అంచుని కొద్దిగా ఎత్తగలిగితే లేచిన అంచే ఇంకా ఎక్కువ గాలిని పట్టుకుంటుంది. అతుక్కుని ఉన్న అంచుని అది ఎత్తలేదు. అంటే గాలికీ కప్పుకీ జరిగే పోరు అంతా ఆ సన్నటి చార మీదే.

జిగురు వచ్చాక చలి ఇంకో దారిలో దూరింది. 1960లో ఫెల్ట్ బదులు గాజు నార పొరతో షింగిల్స్ తెచ్చారు. అవి తేలిక, నిప్పుకి బాగా ఓర్చుకుంటాయి, తేమకి ఉబ్బవు. కానీ మొదటి రకాలు గాలికి, ముఖ్యంగా గడ్డకట్టే చలిలో వీచే గాలికి, తట్టుకోలేకపోయాయి. గాజు నార తయారీలో పేరున్న ఓవెన్స్ కార్నింగ్ 1977లో లాయిడ్ ఫ్రై అనే కప్పుల సంస్థని కొని ఈ రంగంలోకి దిగింది. తర్వాత పాతికేళ్ళలో ఫెల్ట్ షింగిల్ దాదాపు కనుమరుగైంది. 1990ల ప్రాంతంలో మరో తలనొప్పి వచ్చింది. చలి ప్రాంతాల్లో గాజు నార షింగిల్స్ నిలువునా చీలడం మొదలైంది. కారణం వింటే బాధ కలుగుతుంది. జిగురు మరీ బాగా పట్టింది. వరసలన్నీ ఒకే దుప్పటిలా అతుక్కుపోయాయి. చలికి దుప్పటంతా ముడుచుకుంటుంది, కానీ మేకులు కదలనివ్వవు. ఆ లాగుడుకి పలచటి గాజు పొర చిరిగింది. చిరుగుడుకి ఓర్చే బలం కనీసం 1,700 గ్రాములైనా ఉండాలన్న ప్రమాణాన్ని అందరూ పట్టించుకోవడం ఆ దెబ్బల తర్వాతే ఎక్కువైంది. జిగురు తక్కువైతే గాలి తీసుకుపోతుంది, ఎక్కువైతే చలి చీలుస్తుంది. తయారీదార్లు ఈ రెండింటి మధ్యలో నడవాల్సి వచ్చింది.

చలికి తారు పెళుసవడాన్ని మూలంలోనే తగ్గించింది రబ్బరు. స్టైరీన్, బ్యుటాడయీన్ అణువుల గొలుసులతో చేసిన రబ్బరుని తారులో కలిపితే చలిలో కూడా వంగుతుంది, వడగళ్ళ దెబ్బకి విరగదు. డల్లాస్ వైపు ఉండే మన తెలుగువాళ్ళలో వడగళ్ళ వాన తర్వాత కప్పు మార్పించుకోని కుటుంబాలు తక్కువ. అందుకే ఈ రకం అక్కడ చాలామందికి తెలుసు. రబ్బరు కలిపినా జిగురుకి మాత్రం ఎండ కావాల్సిందే.

అందుకే చలిలో కప్పు వేయడం వేరే విద్య. మా ఇంటికి వచ్చినాయన ముప్పై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాడు. ఆయన మూడు రోజులు మా దగ్గర పనిచేస్తే, రెండు రోజులు నేను సెలవు పెట్టి చూశాను.

మొదటి రోజు ఒక్క షింగిల్ కూడా వేయలేదు. కట్టలన్నీ మా గ్యారేజీలో పెట్టించి, హీటరు వేయమన్నాడు. జిగురు గొట్టాలు కూడా అక్కడే. కట్ట బరువు ముప్పై కిలోల దాకా ఉంటుంది. మామూలుగా వేసవిలో దాన్ని కొప్పు మీద వంచి పడేసి, లోపల అతుక్కున్నవి విడిపోయేలా చేస్తారు. ఆయన కట్టని బిడ్డని దించినట్టు దించాడు. చాలా కంపెనీలు 40 డిగ్రీల ఫారెన్‌హీట్‌ని, అంటే దాదాపు 4 సెల్సియస్‌ని, హద్దుగా చెబుతాయి. అంతకన్నా చల్లగా ఉంటే ప్రత్యేక జాగ్రత్తలు తీసుకోవాలి. మర్నాడు ఒక్కోసారి ఒక కట్టే పైకి మోశాడు. అది వేయడం పూర్తయ్యాకే ఇంకోటి. గ్యారేజీ వేడి కప్పు మీద ఇరవై నిమిషాలు కూడా నిలవదు.

నెయిల్ గన్ ఆయన తీసుకురాలేదు. చలికి గాలి గొట్టాలు బిరుసెక్కి, వాటిలోని తేమ గడ్డకట్టి ఒత్తిడి మారుతుంటుందట. ఒక మేకు షింగిల్‌ని చీల్చుకుని లోపలికి పోతుంది, ఇంకోటి పైకి పొడుచుకుని ఉంటుంది. పొడుచుకున్న మేకు తల మీది షింగిల్‌ని జిగురుకి తగలనివ్వదు. సుత్తితో అయితే చేతికి తెలుస్తుందని ఆయన మాట. మేకు తల షింగిల్‌ని తాకి ఆగాలి, దిగబడకూడదు. నేను దగ్గరగా చూశాను, ప్రతి మేకుకీ చివరి దెబ్బ మొదటి దెబ్బల్లో సగం కూడా ఉండదు.

షింగిల్ వెనక ఒక ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్ళంతా దాన్ని పీకాలా అని అడుగుతారు, నేనూ అడిగాను. అక్కర్లేదు. కట్టలో ఉన్నప్పుడు ఒకదాని జిగురు ఇంకోదానికి అంటకుండా ఆ పట్టీ ఆపుతుంది. కప్పు మీద పేర్చాక దాని స్థానం జిగురు చార మీదికి రాదు.

అసలు పని తర్వాత మొదలైంది. గ్యారేజీలో వెచ్చగా పెట్టిన గొట్టంలోంచి తారు సిమెంటుని షింగిల్ కింద చుక్కలుగా పెట్టి అరచేత్తో అదిమాడు. ఒక్కో చుక్క మన పాత రూపాయి బిళ్ళంత. షింగిల్‌కి నాలుగు. ఎక్కువ పెడితే మంచిదేమో అన్నాను. వద్దన్నాడు. ఆ సిమెంటులోని ద్రావకం షింగిల్ తారునే మెత్తబరిచి బొబ్బలు లేపుతుందట. ఎగిరిపోకుండా మిగిలినవాటికీ ఈ చుక్కలే ఆధారం. దుమ్ము పట్టిన జిగురు మీద నమ్మకం పెట్టుకోలేం, ఇక ఎండ వచ్చినా అతుక్కుంటుందో లేదో. ఉత్తరపు వాలులో మిగిలిన ఒక్కో షింగిల్‌నీ మెల్లగా ఎత్తి, గుడ్డతో తుడిచి, చుక్కలు పెట్టుకుంటూ పోయాడు. ఎత్తడం కూడా గోరంత మేరే, లేకపోతే విరుగుతుంది. కొప్పు మీద వంచి వేసే షింగిల్స్‌ని మాత్రం కోటు లోపల పెట్టుకుని పైకి తీసుకెళ్ళాడు.

ఇదంతా డిసెంబరులోనే జరగాల్సింది. చలిలో కప్పు వేస్తే చేత్తో సిమెంటు పెట్టాలని షింగిల్ కట్ట మీది కాగితంలోనే రాసి ఉంటుంది. ఒక మనిషికి రెండు రోజుల పని, కొద్ది డాలర్ల సరుకు. పైనుంచి చూస్తే చేసినదీ చేయనిదీ ఒకేలా కనిపిస్తుంది కాబట్టే దాన్ని వదిలేస్తారు. నాకు కోపం తెప్పించింది అదే.

ఉత్తరపు వాలే ఎందుకని ఒక రాత్రి లెక్కవేశాను. మా కప్పు 12 అడుగులకి 6 అడుగులు లేస్తుంది, అంటే దాదాపు 27 డిగ్రీల వాలు. డిసెంబరు 21న ల్యాన్సింగ్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 24 డిగ్రీలు. కప్పు కొప్పే సూర్యుడికి అడ్డం. ఆ రోజుల్లో ఉత్తరపు వాలు మీద నేరుగా ఒక్క కిరణం కూడా పడదు. తెనాలిలో అదే రోజు సూర్యుడు 50 డిగ్రీల ఎత్తుకి ఎక్కుతాడు. ఇక్కడ మా దక్షిణపు వాలు మాత్రం చలి రోజుల్లో కూడా ఎండ ఉన్నంతసేపూ గాలికన్నా బాగా వేడెక్కి, మెల్లమెల్లగా అతుక్కుంది.

ఒకసారి అతుక్కుంటే ఇక భయం లేదనుకోవడానికీ లేదు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన క్రెయిగ్ డిక్సన్, ఫారెస్ట్ మాస్టర్స్ బృందం ఇళ్ళ కప్పులెక్కి ఒక్కో షింగిల్ ఎత్తి చూసింది. పాతబడిన కప్పుల్లో జిగురు విడిపోయిన షింగిల్స్ దొరికాయి. అవి ఎక్కడబడితే అక్కడ కాకుండా, వేసిన వరసల క్రమాన్ని బట్టి ఏటవాలు గీతల్లో కనిపించాయి. ఏళ్ళ తరబడి వేడికి సాగి, చల్లదనానికి ముడుచుకోవడంతో అతుకు అలసిపోతుందన్నది వాళ్ళు చూపిన కారణం. అంత ఎండ ఉన్న చోటే అలా ఉంటే, ఇక్కడి సంగతి చెప్పేదేముంది.

అమ్మ మార్చి ఆఖర్న వెళ్ళిపోయింది. మే నెలలో ఒక ఆదివారం ఫోన్లో, "ఆ పెంకులు కుదురుకున్నాయా?" అని అడిగింది. ఆమెకి అవి పెంకులే. ముందు రోజే నిచ్చెన వేసుకుని చూశానని చెప్పాను. ఉత్తరపు వాలులో పన్నెండు చోట్ల వేలు పెట్టి ఎత్తబోయాను. పదకొండు కదల్లేదు. పొగగొట్టం నీడలో ఉన్నది ఒకటి మాత్రం అంచు దగ్గర లేచింది. దాని కింద చుక్క పడలేదు. గ్యారేజీలో ఆయన వదిలి వెళ్ళిన గొట్టంలో ఇంకా సగం సిమెంటు ఉంది.